మార్తమ్మ టీచరుకు తిరిగొచ్చిన పన్ను

మొన్న సెలూన్లో గడ్డం గీయించుకుంటున్నాను. అద్దం కింద పలక మీద ఎవరో పెట్టిన ఫోను టింగుమని మోగింది. పక్క కుర్చీలో మొహం నిండా నురగతో ఉన్న మనిషి చెయ్యి చాపి ఫోను అందుకుని చూసి, "పడిందిరోయ్! ఇన్నాళ్ళకు పడింది" అని కుర్చీలోంచి లేచినంత పని చేశాడు. నురగ చెదిరి ఫోను మీద పడింది. బెంచీ మీద కూర్చున్నవాళ్ళంతా నవ్వారు. ఎకౌంటులో డబ్బు పడినప్పుడు ఫోను చేసే ఆ చిన్న చప్పుడు ఈ రోజుల్లో అందరికీ పండగే. నేను మాత్రం నవ్వలేకపోయాను. కత్తి గొంతు మీదే ఉందని మరిచి ఆ ఫోను వైపు తల తిప్పబోయాను. "కదలబాక పెద్దాయనా, తెగతాది" అని గడ్డం గీసేవాడు కసిరాడు.

ఆ చప్పుడు ఒకసారి నా ఫోనులో కూడా మోగింది. పడింది నా డబ్బు కాదు, మార్తమ్మ టీచరుది. ఆమె అప్పటికి కువైటులో ఒకరి ఇంట్లో వంట చేస్తూ ఉంది. ఆమె దగ్గర ఎక్కువగా కోసుకున్న పన్నును ప్రభుత్వం నేరుగా ఆమె బ్యాంకు ఎకౌంటులో తిరిగి వేసింది. ఇందులో ఏడవాల్సింది ఏముంది, సంతోషించాలి గదా అని మీరంటారు. మీరు ఆమెను చూడలేదు కాబట్టి అంటారు. ఆమె పోయినప్పుడు మా పేట చర్చి వాళ్ళు వేసిన చిన్న కాగితంలో 'ప్రభువునందు నిద్రించిన సహోదరి' అని రెండు వాక్యాలు రాసి ఊరుకున్నారు. ఆ రెండు వాక్యాల్లో ఎక్కడా ఆమె లేదు. ఆమె వల్ల నాలుగు అక్షరాలు వచ్చినవాణ్ణి నేనున్నాను గనక, వాటితోనే రాస్తున్నాను.

మా ఊరు ఇందుకూరుపేట మండలంలో, మైపాడు సముద్రం హోరు వినపడేంత దూరంలో ఉంటుంది. నేను బడికి పోలేదు. చిన్నప్పుడు గొడ్ల వెంట, పెద్దయ్యాక ఐసు ఫ్యాక్టరీలో దిమ్మల వెంట గడిచిపోయింది. పెళ్ళయి ఇద్దరు బిడ్డలు పుట్టాక కూడా వేలిముద్రే. అటువంటి రోజుల్లో పెద్దవాళ్ళకు చదువు చెప్పాలని సర్కారు ఊరూరా తరగతులు పెట్టించింది. మా ఊళ్ళో చెప్పడానికి మార్తమ్మ ఒప్పుకుంది. నాకన్నా ఏడెనిమిదేళ్ళు చిన్నది. పదో తరగతి పాసయింది. మొగుడు సారా తాగి చచ్చిపోయాడు, పిల్లలు లేరు. ఆడవాళ్ళు ఆమె వసారాలోకి వచ్చేవాళ్ళు గానీ మగవాళ్ళు ఒక్కరూ రాలేదు. ఆడమనిషి ముందు పలక పట్టుకుని కూర్చోవడమా అని మా అందరికీ పొగరు. వాళ్ళు రాకపోతే నేనే పోతానని ఒక మధ్యాహ్నం ఆమె పలకల కట్ట చంకన పెట్టుకుని నేరుగా ఫ్యాక్టరీలోకి వచ్చేసింది. మేము ఊక బస్తాల మీద కూర్చుని అన్నం తింటున్నాం.

"ఏం టీచరమ్మా, ఐసు మీద అఆలు దిద్దిస్తావా?" అన్నాడు మాలో ఒకడు.

"దిద్దిస్తా. కరిగేలోపల నేర్చుకుంటావా?" అంది ఆమె, చెమట తుడుచుకుంటూ.

అందరం నవ్వాం. నవ్విన తర్వాత ఎవరమూ పలక ముట్టుకోలేదు. ఆమె కోపపడలేదు. మరుసటి రోజు వచ్చింది. ఆ మరుసటి రోజూ వచ్చింది. ఒకరోజు నా ఎదురుగా గొంతుక్కూర్చుని, "పెంచలన్నా, నీ పేరు నువ్వు రాసుకుంటే నీ చెయ్యేం అరిగిపోదులే" అంది. ఆ గొంతులో బతిమాలుకోవడం లేదు, ఎగతాళీ లేదు. పలక తీసుకున్నాను. ఎందుకు తీసుకున్నానో ఇప్పటికీ చెప్పలేను.

అక్షరాలు, గుణింతాలు ఒక దారికి వచ్చాక ఒకనాడు ఆమె నన్ను ఫ్యాక్టరీ గేటు దగ్గరకు తీసుకుపోయింది. గేటు మీద రేకు బోర్డు ఒకటుండేది. దాని కింద నుంచి నేను ఎన్నేళ్ళుగానో రోజూ పోతూ వస్తూ ఉన్నాను. "చదువు" అంది. కూడబలుక్కుని చదివాను. 'అనుమతి లేనిదే లోపలికి రాకూడదు.' ఆమె పకపకా నవ్వింది. "ఇన్నేళ్ళుగా నిన్ను రావద్దని రాసి పెట్టినారు. నువ్వేమో రోజూ వస్తానే ఉండావు" అంది. నేనూ నవ్వాను. ఆమె మాత్రం నవ్వు ఆపేసింది.

"ఇది ఎవురు రాయించినారు?"

"ఓనరు."

"ఎవురి కోసం?"

"అనుమతి లేనోళ్ళ కోసం. మా కోసం గాదులే."

"నీకు అనుమతి ఎవురిచ్చినారు?"

"ఆయనే. రమ్మంటేనే గదా వస్తుండా."

"కాగితం ఉండాదా? రేపు ఆయనే రావద్దంటే?"

నేను బోర్డు వంక మళ్ళీ చూశాను. "ఏది చదివినా ముందు ఈ రెండూ అడగన్నా. ఎవురు రాసినారు, ఎవురి కోసం రాసినారు. తర్వాతే నమ్మేదీ మానేదీ" అంది. నాకు చదువు వచ్చింది ఆ రోజేనని నేననుకుంటాను. తక్కినదంతా నాకు నేనే చదువుకున్నాను. బజ్జీలు చుట్టిన పేపరు ముక్కలు, ఎరువుల బస్తాల వెనక రాసేవి, పంచాయతీ గోడకు అంటించే నోటీసులు, ఎవరో పారేసిన కోర్టు తీర్పుల పుస్తకం, చేతికి ఏది దొరికినా వదల్లేదు. ప్రతిదాన్నీ ఆ రెండు ప్రశ్నలతోనే చదివాను. కొన్నేళ్ళకు ఫ్యాక్టరీ మూసేసి ఓనరు మమ్మల్ని ఉత్త చేతులతో పొమ్మన్నప్పుడు, మాకు న్యాయంగా రావలసింది అర్జీలు పెట్టి రాబట్టుకున్నామంటే అది ఆ గేటు దగ్గర పుట్టిన బుద్ధే. ఊళ్ళో వాళ్ళు అప్పటినుంచి నన్ను కోర్టు పెంచలయ్య అనేవారు. తిట్టో పొగడ్తో నేను పట్టించుకోలేదు.

తర్వాత సారా మీద ఆడవాళ్ళు తిరగబడ్డ కాలం వచ్చింది. దాని గురించి రాసినవాళ్ళు చాలామంది ఉన్నారు, నేను రాయను. మా ఊళ్ళో ఆ వేడి చల్లారాక మిగిలింది ఒక పొదుపు సంఘం. మార్తమ్మా, ఆమె దగ్గర చదువుకున్న తొమ్మిదిమంది ఆడవాళ్ళూ కలిసి పెట్టుకున్నారు. నెలకింత అని దాచుకోవడం, బ్యాంకులో సంఘం పేరు మీద అప్పు తీసుకుని పంచుకోవడం, అందరూ కలిసి తీర్చడం. ఒకరు కట్టలేకపోతే తక్కిన తొమ్మిదిమందీ కట్టాలి. ఒకసారి వాళ్ళలో ఒకామె, మొగుడు పడవ మీద నుంచి పడి నడుం విరగ్గొట్టుకుంటే, వరుసగా కొన్ని నెలలు కట్టలేకపోయింది. నేను ఏదో అర్జీ చూపించడానికి మార్తమ్మ వసారాకు పోయి ఉన్నాను. సంఘంలో గట్టి మనిషి కోటమ్మ. రొయ్యల షెడ్డులో తలలు ఒలిచే ఆడవాళ్ళకు పెద్ద. ఆమె అంటోంది: "ఎన్నాళ్ళని మోస్తాం టీచరమ్మా? పేరు కొట్టేసి ఇంకొకర్ని చేర్చుకుందాం."

"పేరు రాసుకునేటప్పుడు పదిమందీ ప్రమాణం చేసినారా లేదా? కష్టం వచ్చినప్పుడు కొట్టేసేదానికయితే బ్యాంకు పుస్తకాలెందుకు? బొగ్గు తీసుకుని గోడ మీద రాసుకోండి. తుడిచేదానికి సులువు" అంది మార్తమ్మ.

"నీ నోట్లో నోరు పెట్టలేం తల్లీ" అని కోటమ్మ మూతి తిప్పుకుంది గానీ, ఆ పేరు కొట్టెయ్యలేదు. ఆ ఏడాదంతా తొమ్మిదిమందీ కట్టారు. నేను ఇంటికి నడుస్తూ, ఈమె వంటి మనిషి ఊరికొకరుంటే చాలునని అనుకున్నాను. అప్పుడు అలాగే అనిపించింది.

చదువు తరగతులు ఆగిపోయాయి. సర్కారుకు ఇంకో సరదా పుట్టింది. మార్తమ్మకు వచ్చే ఆ కాస్త భత్యమూ పోయింది. మొగుడు చేసిపోయిన బాకీలున్నాయి, తమ్ముడి సంసారం ఉంది. కడప వైపు ఏజెంటు ఎవరో చెబితే కువైటుకు బయలుదేరింది, ఒకరింట్లో వంటపనికి. పలక పట్టించిన చెయ్యి పరాయి దేశంలో గిన్నెలు తోమబోతోందని నేను ఊరంతా వినపడేట్టు అరిచాను. "గమ్మునుండన్నా. గిన్నెలు ఇక్కడ తోమలేదా ఏంది?" అంది. పోయే ముందు రోజు కోటమ్మ వాళ్ళు వచ్చారు. పదిమంది కంటే తగ్గితే సంఘాన్ని మళ్ళీ మొదటినుంచి కట్టుకోమంటారేమోనని, తర్వాతి లోను ఆగిపోతుందని వాళ్ళ భయం. "నీ పేరు అట్టనే ఉండనీ టీచరమ్మా. నువ్వు యాడుండినా మా టీచరువే గదా" అన్నారు. ఆమె ఉండనిచ్చింది. కువైటు నుంచి నెలనెలా తన పొదుపు వంతు కూడా పంపించేది. అప్పు మాత్రం ఒక్కసారీ తీసుకోలేదు.

కువైటు పోయినవాళ్ళకు ఇక్కడి ఫోను నంబరు నిలవదు. అందుకని మా వైపు ఒక పద్ధతి. నమ్మకమైనవాళ్ళ నంబరు బ్యాంకులో ఇచ్చి పోతారు. మార్తమ్మ ఒక సెలవులో వచ్చినప్పుడు తన ఆధారుకూ ఎకౌంటుకూ నా నంబరు పెట్టించింది. ఆమె ఎకౌంటు మెసేజీలన్నీ నాకు వచ్చేవి. ప్రతి శుక్రవారం ఆమె ఫోను చేసేది. ఎకౌంటు సంగతి ఒక్క మాటలో అయిపోయేది. ఆ తర్వాత, "పేపరు చదువన్నా" అనేది. నెల్లూరు జిల్లా పేజీ మొత్తం నేను గట్టిగా చదవాలి. అల్లూరు చెరువుల్లో రొయ్యకు జబ్బు తగిలిందని, కాలవకు నీళ్ళు రాలేదని, ఎక్కడో పాముకాటుకు పిల్ల చనిపోయిందని. మధ్యలో ఆపి, "అది ఎవురు చెప్పినారని రాసినారు? ఆఫీసరా, ఊరోళ్ళా?" అని అడిగేది. వెనకాల గిన్నెల చప్పుడూ, ఎవరో అరబ్బీలో కేకలెయ్యడమూ వినపడేవి. "వస్తుండా, వస్తుండా" అని తెలుగులోనే వాళ్ళకు జవాబు చెప్పి, "ఊ, చదువు" అనేది. ఇరవై ఏళ్ళు ఆమె బతుకు నాకు ఆ ఫోనులోనే తెలుసు. జుట్టు నెరిసిందని, మోకాళ్ళు పట్టేశాయని, ఆ ఇంటి ముసలమ్మ చనిపోయి కూతురింటికి మార్చారని. ఆమె ఎన్నడూ ఏడవలేదు. ఒకే ఒక్కసారి, "ఇక్కడ పడుకునే గదికి కిటికీ లేదన్నా. మన ఊళ్ళో రెండు గదులేసుకుని రెండిటికీ కిటికీలు పెట్టిస్తా" అంది.

ఆమెకు కావలసిందంతా అదే. రెండు గదులు, నాలుగు కిటికీలు, మీద శ్లాబు. చర్చి పక్కన కాస్త స్థలం ఆమెకు ముందే ఉంది. కట్టడానికి డబ్బు కావాలి. కువైటు సంపాదనతో ఎప్పుడో సముద్రం వైపు అర ఎకరం కొనిపెట్టుకుంది. దాన్ని ఒక రొయ్యల చెరువుల ఆసామి అడిగితే సెలవు మీద వచ్చి అమ్మింది. రిజిస్ట్రారాఫీసు చెట్టు కింద ఆసామి తరపు మనిషి చల్లగా చెప్పాడు. అమ్మేవాళ్ళు విదేశంలో ఉంటున్నారు కాబట్టి మొత్తం ధర మీద పన్ను పట్టుకుని సర్కారుకు కడతామన్నాడు. పట్టుకున్నది కొంచెం కాదు. "ఇంట్లో కూర్చుని అమ్ముకునేవాడికి ఒక లెక్క, ఎడారిలో అంట్లు తోమేదానికి ఇంకో లెక్కనా?" అని నేను లేచాను. మార్తమ్మ నా చొక్కా పట్టుకుని కూర్చోబెట్టింది. నెల్లూరులో ఆడిటరు దగ్గర పనిచేసే అమ్మాయి మాకు విడమరిచి చెప్పింది: "పోయిన డబ్బు కాదండీ. రిటర్ను వేస్తే చాలావరకు తిరిగొస్తుంది. నేరుగా ఎకౌంటులోనే పడుతుంది, మేడమ్ కువైటులో ఉన్నా పడుతుంది." విదేశాల్లో ఉండేవాళ్ళకని వేరే ఎకౌంటు తెరవడం మేలని కూడా ఆ అమ్మాయి అంది. దానికి కాగితాలు చాలా కావాలి, సెలవేమో అయిపోవస్తోంది. అక్కడికి పోయాక ఆ ఇంటివాళ్ళు ఆమెను గడప దాటనివ్వరు. "మన ఊరి బ్యాంకులో ఉండాది గదన్నా, అదే ఇవ్వు. మన కళ్ళ ముందర ఉంటది" అంది మార్తమ్మ. ఆ సెలవులోనే ఒకరోజు కోటమ్మతో బ్యాంకుకు పోయి సంఘం కొత్త లోను కాగితాల మీద సంతకం కూడా పెట్టి వచ్చింది. అది నాకు అప్పుడు తెలియదు.

పొలం అమ్మిన డబ్బులో సగానికి పైగా తమ్ముడి జబ్బుకు పోయింది. తమ్ముడూ పోయాడు. మిగిలినదానితో నేను దగ్గరుండి పునాది వేయించాను, గోడలు లేపించాను. నాలుగు కిటికీలకూ చట్రాలు పెట్టించాను. అక్కడికి ఆగింది. శ్లాబు ఆ పన్ను వాపసు మీదే. రిటర్ను వేసినప్పుడు నా ఫోనుకు వచ్చిన ఓటీపీ అంకెలు నేనే ఆడిటరు ఆఫీసుకు చదివి చెప్పాను. ఇక ఎదురుచూడటమే. ప్రతి శుక్రవారం పేపరు అయ్యాక, "పడిందా అన్నా?" అని ఆమె. "పడలే" అని నేను. గోడల లోపల తుమ్మ మొలకలొచ్చాయి, పీకించాను. మళ్ళీ వచ్చాయి. "ఈ కాంట్రాక్టు అయిపోతే ఇంకోటి రాయబాకమని చెప్పేస్తా. శ్లాబు పడినాక వచ్చేస్తా. వచ్చి నీ పేపరు నేనే చదువుకుంటా, నీ గొంతు ఇనలేక చస్తుండా" అనేది. నవ్వేవాళ్ళం.

పడింది. ఒక పొద్దున వేపపుల్ల నోట్లో ఉండగా ఫోను మోగింది. అంకె రెండుసార్లు చదువుకున్నాను. ఇనుప కమ్మీల కొట్టు తీసి ఉంటుందా, మేస్త్రీకి ఇప్పుడే చెప్పనా అనుకుంటూ లుంగీ సర్దుకుని వీధిలోకి వచ్చాను. వీధి మలుపు తిరగకముందే రెండో మెసేజీ. మొదటిది పడిందని. రెండోది తీసేసుకున్నామని. దాదాపు మొత్తం. ఏదో దొంగతనం జరిగిందనుకుని, ఉన్నవాణ్ణి ఉన్నట్టే బ్యాంకుకు పరిగెత్తాను.

మేనేజరు కుర్రవాడు, వేరే జిల్లా మనిషి. మర్యాదస్తుడే. "మీరు ఆవిడకు ఏమవుతారండీ?" అన్నాడు.

"ఏమీ కాను. ఆవిడ నాకు చదువు నేర్పింది."

అతను కుర్చీ చూపించాడు. సంఘం లోను మొండి బాకీ అయిందని చెప్పాడు. పదిమంది సభ్యుల సొంత ఎకౌంట్లకూ పట్టు పెట్టారట. ఎవరి దాంట్లో డబ్బు పడినా ఆ బాకీకి జమ అవుతుందట. "ఆ లోనులో ఆవిడ ఒక్క రూపాయి ముట్టుకోలేదు బాబూ. ఇది సర్కారు ఆమెకు తిరిగిచ్చిన పన్ను. ఆమె ఇంటి కప్పు" అన్నాను. సంఘం అప్పుకు సభ్యుల సొంత డబ్బు పట్టుకోకూడదని పేపర్లో చదివిన గుర్తు చెప్పాను. గొంతు పెంచాను, బల్ల కొట్టాను. అతను బయటికి పంపించెయ్యలేదు. "మీ బాధ నాకు అర్థమైంది పెద్దాయనా. కానీ సంతకం ఉంది. పై ఆఫీసుకు రాయండి, ఖాతాదారు సంతకంతో" అన్నాడు. కాగితం తీసి చూపించాడు. మార్తమ్మ సంతకం. ఆ మ కిందికి లాగే తీరు నాకు తెలియనిదా.

అక్కడినుంచి రొయ్యల షెడ్డుకు పోయాను. కోటమ్మ చేతులు ఐసులో నాని తెల్లగా పాలిపోయి ఉన్నాయి. ఆ కొత్త లోను తెచ్చి, వాటాలు పంచుకోకుండా, ఒక చెరువు గుత్తకు తీసుకుని రొయ్య వేశారట. తెల్లమచ్చ జబ్బు తగిలి వారంలో రొయ్యంతా చచ్చి తేలిపోయిందట. నేను నోటికొచ్చినట్టు తిట్టాను. ఆమె తిట్టించుకుంది. "మాకు మాత్రం తెలుసా పెంచలన్నా, ఆయమ్మకు అంత డబ్బు వస్తదని? నా పింఛనీ గూడా పట్టేసుకుంటుండారు ఆర్నెల్లుగా" అంది. వెనక నుంచి ఎవరో, మొహం కనపడలేదు, "ఆయమ్మకేంలే, కువైటు డబ్బు. ఇంకో రెండేళ్ళు ఉంటే మళ్ళా వస్తది" అన్నారు. కోటమ్మ తిరిగి చూసి, "నోరు ముయ్ మే" అంది. కానీ ఆ మాట అప్పటికే నా చెవిలో పడింది. అది ఇప్పటికీ అక్కడే ఉంది. తాము కూర్చున్న కొమ్మను తామే నరుక్కునేవాళ్ళను నేను చాలామందిని చూశాను. నీడనిచ్చే చెట్టును నరికి, ఎండ ఎక్కువైందని ఆ చెట్టునే తిట్టేవాళ్ళను అక్కడే చూశాను.

పై ఆఫీసుకు అర్జీ నేనే రాశాను. నా జన్మలో అంత బాగా ఏదీ రాయలేదు. ఆమె సంతకం ఒక్కటే కావాలి. శుక్రవారం ఫోను వచ్చింది. జరిగింది చెప్పాను.

"బ్యాంకోళ్ళు వెనక్కిస్తే ఆ బాకీ మళ్ళా సంఘం మీదికి వస్తది గదన్నా?" అంది.

"రానీ. చెరువులో పోసింది వాళ్ళు."

"కోటమ్మ యాడ కడతది? ఇల్లు అమ్మాల. వొద్దన్నా. అర్జీ పంపబాక."

నాకు ఒళ్ళు మండింది. "నాకు నేర్పినదానివి. ఏ కాగితమైనా ఎవురు రాసినారు, ఎవురి కోసం రాసినారు అని అడగమన్నదానివి. నువ్వు అడక్కుండా ఎట్ట పెట్టినావు ఆ సంతకం?" అని అరిచాను.

"అడక్కుండా పెట్టలేదులే. ఎవురు రాసినారో తెలుసు. ఎవురి కోసమో తెలుసు. తెలిసే పెట్టినా" అంది. ఆ రోజు పేపరు చదవమని అడగలేదు.

ఆ తర్వాత కొన్ని నెలలకు బ్యాంకువాళ్ళు మండలంలో సభ పెట్టి, బాకీ తీర్చిన సంఘాలకు శాలువాలు కప్పారు. మా ఊరి సంఘానికీ ఒకటి కప్పారు. జిల్లా పేజీలో ఫొటో వచ్చింది. కోటమ్మ శాలువాతో, తల వంచుకుని. ఆ శుక్రవారం అది చదివి వినిపించాను, పళ్ళు కొరుకుతూ. మార్తమ్మ, "మన సంఘానికా? మంచిదే గదన్నా" అంది. నిజంగానే సంతోషపడింది. నేను ఫోను పెట్టేశాను. ఆమెతో నేను ఫోను పెట్టెయ్యడం అదే మొదటిసారి.

ఇంకో రెండేళ్ళకు కాంట్రాక్టు రాసింది. అరవై దాటిన మనిషి, మోకాళ్ళు వంగని మనిషి, చిన్నపిల్లలున్న ఇంట్లో. రెండేళ్ళు పూర్తికాలేదు. ఒక మంగళవారం ఆమె నంబరు నుంచే ఫోను వచ్చింది. మంగళవారం ఎందుకు చేసిందా అనుకుంటూ ఎత్తాను. పక్కింట్లో పనిచేసే రాజంపేట పిల్ల. "మార్తమ్మత్త వంటింట్లో పడిపోయింది పెద్దయ్యా. ఆస్పత్రికి పొయ్యేసరికి లేదు" అని ఏడ్చింది. ఇక్కడికి తేవాలంటే అడిగేవాళ్ళుండాలి. తమ్ముడి బిడ్డలు చెన్నైలో ఉన్నారు. అంత ఖర్చు మావల్ల కాదన్నారు, ఆ పేటలో గోడలు మాకెందుకన్నారు. నేను ఏమీ కాను. ఆ మాట నేనే బ్యాంకులో చెప్పాను, ఇప్పుడు వాళ్ళు నాకు చెప్పారు. ఆమెను అక్కడే సమాధుల తోటలో పెట్టారట. చోటు ఎక్కడో చెప్పగలవారు మా ఊళ్ళో ఎవరూ లేరు.

ఇప్పుడు నాకు డెబ్భై దాటింది. రోజూ పేపరు చదువుతాను. శుక్రవారాల్లో నోరు దానంతటదే గట్టిగా చదువుతుంది, ఇంట్లోవాళ్ళు నవ్వుకుంటారు. ఆమె ఇచ్చిన ఆ రెండు ప్రశ్నలతో నేను ఓనర్లను నిలదీశాను, పంచాయతీని నిలదీశాను, బ్యాంకు మేనేజరును నిలదీశాను. వాటితో ఆమెను మాత్రం ఓడించలేకపోయాను. ఎవరు రాశారో, ఎవరి కోసమో అన్నీ తెలిసి పెట్టిన సంతకాన్ని ఏం చెయ్యాలో ఆమె నాకు నేర్పలేదు. ఆమె చేసింది తప్పని నేనిప్పటికీ అంటాను. గట్టిగా అంటాను. పదిమందిని నిలబెట్టిన మనిషికి ఆ పదిమందీ కలిసి ఒక కప్పు వెయ్యలేకపోతే ఆ నిలబెట్టడం ఎందుకని అడుగుతాను. అడిగేది ఎవరిననేది నాకే తెలియదు.

కార్తీకంలో సముద్రం మీది వాన మా వైపు రోజుల తరబడి విడవదు. చర్చి పక్కన ఆ రెండు గదుల్లో నీళ్ళు మోకాళ్ళ లోతున నిలుస్తాయి. నిలిస్తే గోడలు నాని కూలిపోతాయి. అందుకని తెరపి ఇచ్చినప్పుడల్లా బకెట్టు తీసుకుని పోయి, కిటికీ చట్రాల్లోంచి నీళ్ళు బయటికి తోడి పోస్తాను. పోయిన వానల్లో అలాగే తోడుతుంటే కోటమ్మ షెడ్డు నుంచి వస్తూ దావలో ఆగింది, తల మీద ప్లాస్టిక్కు సంచి కప్పుకుని.

"ఎవురుంటారని పెంచలన్నా ఇట్ట తోడతావు? నడుం పడిపోద్ది" అంది.

నేను తోడుతూనే ఉన్నాను, ఆమె నిలబడే ఉంది. కొంతసేపటికి ఎటో చూస్తూ వెళ్ళిపోయింది. రెండో గది నేల బయటపడేసరికి మధ్యాహ్నం దాటింది. సాయంత్రానికి మళ్ళీ వాన పట్టింది.